నిన్నటి టికెట్

నాలుగు యాభైకి డిపో గేటు దాటుతూ
ఫస్టు బండి హారన్ కొడతది.
దేవరకొండ ఇంకా దుప్పటి తియ్యదు.
నేను లేచి, నోరు కడిగి,
స్టీలు చెంచాల ఇర్వై సుక్కలు లెక్కబెడత.
ముప్పై నాలుగేండ్లు పాసింజర్లను లెక్కబెట్టినోన్ని,
సుక్కల కాడ తప్పుతనా?
తప్పుత.
పదమూడో పద్నాలుగో తెల్వక
ఒకటి ఎక్కువేస్త,
అర టికెట్ పిల్లగాడు అమ్మ సంకల ఎక్కిండనుకుంట.

నాలిక కింద పెట్టుకొని అర నిమిషం ఆగాల్నట.
తడిసిన గోనెసంచి వాసన,
దాని ఎనక చేదు,
చేదు ఎనక సారా మంట.
"పొద్దుగాల్నే మొదలువెట్టిండు మా పెద్దమనిషి"
అనుకుంట చంద్రకళ పాలప్యాకెట్ కత్తిరిస్తది.
పెండ్లినాడు సుత కల్లు ముట్టనోన్ని
అరవై మూడేండ్లకు
సుక్కల లెక్కన తాగుబోతునైన.

ఇదంతా గుర్రంపోడు వల్ల.
పోయిన వానకాలం బస్టాండుల ఎవరో పిల్ల అడిగింది,
నల్లగొండ దాక నడుమ ఏమేం ఊర్లొస్తయని.
కొండమల్లేపల్లి అన్న. కనగల్ అన్న.
మధ్యల ఒక ఊరున్నది,
ఎన్నివేలసార్లు దాని పేరు పెట్టి అరిచిన్నో,
అది నా నోట్లకెళ్లి దిగిపోయింది
స్టేజీ రాకముందే.

నఫీసా చెప్పింది ఈ మందు సంగతి.
మందు అనొద్దంటది.
వెల్డింగ్ షాపు ఎనక రూముల
వరిగడ్డి ఉడకబెట్టి పుట్టకొక్కులు పెంచే పిల్ల.
సింహం జూలు లెక్క తెల్లగ ఏలాడేటివి
ఏడికెల్లో ఎండినవి తెప్పించి,
నానబెట్టి, నెలరోజులు చీకట్ల దాచి, వడగడతది.
"మతిమరుపు పోతదా బిడ్డా?"
"పోతదని నేనెట్ల చెప్త కాకా.
కొందరు ఔనంటరు, కొందరు ఇంకా చూడాలె అంటరు.
నీ బీపీ గోలీలు మాత్రం ఆపకు.
ఒకనాడు తాగి పదినాళ్లు మరిస్తె
గుణం అల్మారకు, నీకు కాదు."

మొదటిసారి తొమ్మిది రోజులు నడిచిన.
పదోనాడు మిర్యాలగూడల పెండ్లి.
పదకొండోనాడు అలసట.
పన్నెండోనాడు సిగ్గు.
సీసా బియ్యం డ్రమ్ము ఎనక్కు పోయింది.
దుమ్ము చూసి నఫీసా నవ్వలే.
"ఏదైనా సరే ఆగకుండ అయ్యే పని ఏముంది నీకు?"
"ఫస్టు బండి హారన్‌కు మెలకువొస్తది,
రిటైరై మూడేండ్లైనా."
"దానికి కట్టెయ్యి.
చెడిపోయిన బండికి గొలుసేసి
నడిచే బండితోని గుంజరా, గట్ల."

అప్పుడు రేకుపెట్టె తెరిచిన.
మిషిన్లు రాకముందు మిగిలిన టికెట్ కట్ట,
గులాబీ రంగువి, రూపాయిన్నరవి.
పంచ్ సుత ఉన్నది, స్ప్రింగుకు జర తుప్పు.
సుక్కలు మింగినంక
ఒక టికెట్‌కు ఒక బొక్క.
టక్.
ఆ సప్పుడుకు పొయ్యి పక్కన పిల్లి లేస్తది.

ఇయ్యాలకు నూట పద్దెనిమిది.
సూదితోని దారానికి గుచ్చి కిటికీకి ఏలాడదీసిన.
అండ్ల మూడిటికి పంచ్ పడలే.
ఒకటి జరమొచ్చిన నాడు.
ఒకటి నేను, చంద్రకళ మాటామాటా అనుకున్న నాడు.
మూడోది ఎందుకో యాదికి లేదు.
"కొట్టెయ్యరాదు, ఎవరు చూస్తరు?" అన్నదామె.
చెకింగోళ్లు రారని నాకూ ఎరికే.
అయినా నిన్నటి టికెట్ ఇయ్యాల కొట్టరాదు.
పోయిన స్టేజీకి బండి ఎనక్కి తిప్పితే
ఎక్కి కూసున్నోళ్ల గతేంది?

గుణమిచ్చిందా అని దోస్తులు అడుగుతరు.
ఏమో.
మొన్న చెంచా పట్టుకొని నిలబడి ఉన్న,
పద్నాలుగో సుక్క కాడ ఒక ముసలమ్మ యాదికొచ్చింది.
గుర్రంపోడు దాటినంక బోరింగు కాడ దిగేది,
నెత్తి మీద సీతాఫలాల గంప.
బక్కమ్మ.
ఆ స్టేజీ పేరు మాత్రం రాలే.
సుక్కల వల్లనో, రోజూ గా జాగల
గా ఏళకు ఊకే నిలబడ్డందుకో.
అప్పటికే లెక్క తప్పిన, ఒకటి ఎక్కువేసిన.
ఇంకోటి సుత యాదికొచ్చింది:
టికెట్ ఎనక రాసిచ్చి మరిచిన చిల్లర,
ఆమెకు నేను ఆఠాణా బాకీ.